పదకొండు నిమిషాలు

పెరంబూరులో, రైలు పెట్టెల ఫ్యాక్టరీ గోడ వెనక
అంగన్‌వాడీ గదిలో
రెండో శనివారం సాయంత్రం
మేం పిల్లల కుర్చీల్లో కూర్చుంటాం.
మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.
పెద్దరికం అక్కడే సగం దిగిపోతుంది.

డాక్టరెవరూ రారు.
బోర్డు మీద పొద్దుటి తమిళ అక్షరాలు
ఎవరూ చెరపరు.
కస్తూరి ఫ్లాస్కులో టీ తెస్తుంది,
దిల్షాద్ భాయ్ కాగితం కప్పులు.
నేను మొదటి మూడు నెలలూ
నా చేతులు మాత్రమే తెచ్చుకున్నాను,
అవీ జేబుల్లో దాచుకుని.

మావాడు ఆసాపు. నాలుగేళ్లు.
కొరుకుతాడు. కంచం గోడకేసి కొడతాడు.
"రేపట్నుంచి మీరే దింపుకోండి సార్"
అని వ్యానతను చేతులెత్తేశాడు.
పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేశారు.
మేడ మీది పాటి మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.
ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనంది.
మా సువార్త మాత్రం
వాడు నిద్రపోయాక వాడి పళ్లు లెక్కపెట్టేది,
ఇన్నేసి గాట్లు ఇన్ని చిన్న పళ్లవేనా అని.

నేనేం చేశానో నాలుగో నెల చెప్పాను.
వెల్డింగు చేసే చెయ్యి ఇది,
ఇనుమును ఇనుముకి అతికించే చెయ్యి.
వాడి వీపు మీద ఐదు వేళ్లూ తేలాయి.
ఆ రాత్రి నిద్రలో
వాడు పట్టుకున్నది ఆ వేళ్లలోదే ఒకటి.

గదిలో ఎవరూ అయ్యో అనలేదు.
ఛీ అనలేదు.
బస్సులో టికెట్లు చింపీ చింపీ
గరుకెక్కిన వేళ్లతో మరగతం
తన టీ సగం నా కప్పులో పోసి
"నాది చీపురు" అంది, తమిళంలో.
నాకు అర్థం చెప్పాల్సిన పనిలేకపోయింది.

అప్పట్నుంచి నేనూ
వాళ్లిచ్చింది కొంగున కట్టుకున్నట్టు తెచ్చుకుంటున్నాను:
అరుపుకి అరుపు అప్పివ్వకు, వడ్డీతో వస్తుంది.
ఊరికే బంగారం అనకు,
చెప్పులు జత కలిపి పెట్టావే అను.
రోజూ పది నిమిషాలు నేల మీద కూర్చో.
వాడు డ్రైవరు, నువ్వు పాసింజరువి,
బండి ఎటు పోతే అటు.
"ఆరో నిమిషానికే నాకు కునుకొస్తుంది" అన్నాడు దిల్షాద్ భాయ్.
నవ్వీ నవ్వీ కస్తూరి కళ్లు తుడుచుకుంది,
కాసేపటికి కూడా ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

నిన్న పేపర్ మిల్స్ రోడ్డులో
నీళ్ల తుపాకీ కొనలేదని
ఆసాపు కొట్టు ముందు వెల్లకిలా పడ్డాడు.
ఆటో ఆగింది. స్కూటరు ఆగింది.
"రెండు తగిలించు" అన్నారొకరు.
"కొనిచ్చెయ్, పోయేదేముంది" అన్నారింకొకరు.
నా చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది.

అప్పుడు చూశాను మరగతాన్ని.
భుజాన డ్యూటీ సంచీ.
నన్ను పలకరించలేదు, వాడివైపు చూడలేదు.
మాకు వీపు పెట్టి రోడ్డుకేసి నిలబడింది.
వానకి గొడుగు పట్టినట్టు
చూపులకి అడ్డంగా వీపు పట్టింది.
"పోంగప్పా, ఇక్కడ సినిమా ఏం ఆడట్లేదు."

నేను వాడి పక్కన నేల మీద కూర్చున్నాను.
పదకొండు నిమిషాలు.
నీళ్ల లారీ ఒకటి మమ్మల్ని కాస్త తడిపి పోయింది.
ముందు అరుపు తగ్గింది,
తర్వాత కాళ్లు కొట్టుకోవడం,
చివరికి ఎక్కిళ్లు మిగిలాయి.

"నాన్నా, చెప్పు" అన్నాడు.
ఏం చెప్పను? ఎక్కడ మొదలుపెట్టను?
మాటల కోసం లోపలంతా వెతుక్కున్నాను.
వాడు తన బోసికాలు చూపించాడు.
చెప్పు కాలవ అంచున ఉంది.
తెచ్చి తొడిగాను.

తలెత్తేసరికి మరగతం లేదు.
ఆమె ఎక్కాల్సిన బస్సు
ఒకటైనా పోయే ఉంటుంది.

ఈ పొద్దున మళ్లీ కొరికాడు.
శనివారానికింకా తొమ్మిది రోజులుంది.
ఈసారి టీ నా వంతు.
అల్లం కొంచెం ఎక్కువే వెయ్యమని
సువార్తకి ఇప్పుడే చెప్పి పెట్టాను.